గిన్నె దిగిన వేళ, కంచం ముందు కూర్చున్న వేళ

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారి నోట తిండి గురించి తరచూ వినబడే మాట ఒకటుంది: ‘పడలేదు’. ఆ హోటల్ సాంబారు పడలేదు, ఆ మెస్ నూనె పడలేదు, అసలు ఇక్కడి నీళ్లే పడలేదు. మాట చిన్నదే గానీ అందులో కుక్కిన సంగతులు చాలా. రాత్రి బిర్యానీ తిన్నాక ఛాతీలో లేచిన మంట, ఫ్రైడ్ రైస్ తిన్న మూడు గంటలకు పట్టుకున్న వాంతులు, వారం నుంచి సరిగా కాని విరేచనం, సాయంత్రానికి డప్పులా బిగిసే పొట్ట, అన్నీ ఆ ఒక్క మాటలోనే సర్దుకుపోతాయి. నిజానికి వీటి కారణాలు వేరు, తప్పించుకునే దారులూ వేరు. అన్నిటినీ ఒకే మూట కట్టి ఏదో ఒక హోటల్ గుమ్మంలో పడేస్తే హోటల్ మారుతుంది గానీ కడుపు బాధ మారదు.

మారతహళ్లి వంతెన చుట్టుపక్కల, బీటీఎం లేఅవుట్ సందుల్లో, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో (అద్దెకు గది, భోజనం ఇచ్చే పేయింగ్ గెస్ట్ వసతుల్లో) ఉండేవారికి వంటగది అంటే చాలావరకు సంక్రాంతికి ఊరెళితే కనబడేది. పొద్దున దర్శిని (నిలబడి తినే చిన్న హోటల్), మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్ లేదా ఆంధ్రా మెస్, సాయంత్రం టీతో ఒక ప్లేటు బజ్జీ, రాత్రి పీజీ భోజనమో ఫోనులో తెప్పించుకున్న పార్సిలో. ఇలాంటివారికి ‘బయట తినకండి’ అని సలహా ఇవ్వడం వానలో బండి నడిపేవాడికి తడవొద్దని చెప్పడమే. బయట తింటూనే పేగుల్ని కాపాడుకోవాలంటే హోటల్ బోర్డు కంటే ముందు గడియారం వంక చూడాలి. గిన్నె పొయ్యి మీంచి దిగి ఎంతసేపయింది, కంచంలోకి ఏ వేళకు వచ్చింది, తిన్నాక పడుకునేలోగా ఎంత వ్యవధి ఉంది, ఒక తిండికీ ఇంకో తిండికీ మధ్య కడుపుకు ఎంత తీరిక దొరికింది: బయటి తిండి మంచిచెడ్డలు చాలావరకు ఈ లెక్కల్లోనే తేలతాయి.

ముందు నింద సంగతి చూద్దాం. కడుపు చెడగానే ఎవరైనా తలచుకునేది చివరిగా తిన్నదాన్ని. కానీ రోగాన్ని తెచ్చే సూక్ష్మజీవుల్లో దేని గడియారం దానిది. తిండిలోనే విషం తయారుచేసి పెట్టే రకాలు తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపే వాంతులు తెప్పిస్తాయి. సాల్మొనెల్లా ఆరు గంటల నుంచి మూడు రోజుల దాకా తీసుకుంటుంది. కలరాకు కొన్ని గంటలు చాలవచ్చు, ఐదు రోజులూ పట్టవచ్చు. టైఫాయిడ్ బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు, కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఏకు రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది. కాబట్టి కళ్లు పచ్చబడిన నాడు నిన్నటి పానీపూరీ బండిని తిట్టడం అన్యాయం. అసలు దోషి నెల కిందటి పెళ్లివిందులో షర్బతులో తేలిన ఐసుముక్క కావచ్చు. అలాగే తిన్న రెండు గంటలకే వాంతులు మొదలైతే నిన్నటి చేపల పులుసును తవ్వి తీయనక్కర్లేదు. ఆ పూట తిన్నదాన్నే చూడాలి, అందులోనూ ముందుగా అన్నాన్ని.

అన్నాన్ని అనుమానించడం తెలుగువారికి మనసొప్పని పని. కూర పాచిపోతుంది, పప్పు పులుస్తుంది, అన్నానికేమవుతుంది అనుకుంటాం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు సహజంగానే ఉంటాయి. ఉడికినా అవి చావవు. అన్నం వేడిగా ఉన్నంతసేపు నిద్రలో ఉండి, గోరువెచ్చన కాగానే మేల్కొని పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. 1971లో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నవారికి వాంతులు పట్టుకోవడంతో ఈ సంగతి వెలుగులోకి వచ్చింది: పొద్దున వండిన అన్నాన్ని బయటే ఆరబెట్టి, సాయంత్రం బాణలిలో వేయించేవారు. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల దగ్గర జరిగేది చాలాచోట్ల అదే. భగ్గున లేచే మంట, ఖణఖణమనే గరిట చూసి ‘కళ్ల ముందే వేడివేడిగా చేశాడు’ అని ధైర్యపడతాం. ఆ వేడి రెండు నిమిషాలది, పక్కన టబ్బులో ఉన్న అన్నం వయసు ఏడెనిమిది గంటలు.

మాంసాహారంలో ఈ పాత్ర క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే ఇంకో సూక్ష్మజీవిది. పెద్ద డేగిసాలో వండిన మటన్ కూర, దమ్ బిర్యానీ నెమ్మదిగా చల్లారుతున్నప్పుడు దానికి పండుగ. సుమారు 45 డిగ్రీల వేడిలో అది పది నిమిషాలకోసారి రెట్టింపవుతూ పోగలదు. అందుకే పెద్ద గిన్నె చిన్న గిన్నె కంటే ప్రమాదకరం: పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటుంది, నడిమధ్యలో మాత్రం గంటల తరబడి ఆ గోరువెచ్చదనం అలాగే నిలిచి ఉంటుంది. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు వస్తాయి, మరునాటికి తగ్గిపోతాయి. ఆదివారం బిర్యానీకి సోమవారం సెలవు పెట్టేవారిలో కొందరి కథ ఇదే కావచ్చు. ఆహార భద్రత నిపుణుల సూత్రం ఈ రెండింటికీ ఒకటే. వండినది 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉండాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉండాలి. మధ్యలో ఉంచితే రెండు గంటలకు మించకూడదు.

ఈ సూత్రాన్ని ఒక పీజీ భోజనాల గదికి పట్టుకెళితే దాని అర్థం బాగా తెలుస్తుంది. ఏడున్నరకు వంటవాడు అన్నం వార్చి పెద్ద హాట్‌బాక్సులో పోస్తాడు. పక్క డబ్బాలో పప్పు, ఇంకోదాంట్లో బంగాళాదుంప కూర, స్టీలు బకెట్టులో రసం. ఎనిమిదికి తినేవాడు మూత తీస్తే ఆవిరి కళ్లజోడు మీద కమ్ముతుంది. ఆ తర్వాత నలభై మంది ఆ మూత తీస్తారు, సగం మంది సరిగా పెట్టరు. ఔటర్ రింగు రోడ్డు ట్రాఫిక్ దాటుకుని పదిన్నరకు చేరినవాడికి మిగిలేది అడుగున ముద్దగట్టిన అన్నం, అంచున మీగడలా గడ్డకట్టిన పప్పు, ఎవరో కూరలో వదిలేసిన పప్పు గరిట. ఒకే వంట, ఒకే వంటవాడు, ఒకే అద్దె. ఎనిమిదింటి కంచం క్షేమం, పదిన్నర కంచం జూదం. అలాంటి రాత్రి డబ్బాలో చెయ్యి పెట్టి చూసి వేడి తగలకపోతే అన్నం వదిలేయడం మంచిది. అప్పటికప్పుడు పెనం మీంచి తీసిన చపాతీయో దోశో దొరికితే అంతకంటే కావలసిందేముంది.

ఇదే చూపుతో చూస్తే నగరంలోని తిండి చోట్లు వేరేగా కనబడతాయి. దర్శిని అనేది బెంగళూరు కనిపెట్టిన గొప్ప సదుపాయం. 1980లలో ఊపందుకున్న ఈ నిలబడి తినే హోటళ్లలో కుర్చీలుండవు, జనం నిలవరు, ఇడ్లీ ప్లేటు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. పొద్దున ఎనిమిదింటికి రద్దీలో నిలబడి తిన్న ఇడ్లీ, నగరంలో దొరికే క్షేమమైన తిళ్లలో ముందు వరుసలో ఉంటుంది. అదే దర్శినిలో మధ్యాహ్నం మూడున్నరకు గాజు బీరువాలోంచి తీసిచ్చే వడకు ఆ యోగ్యత లేదు. ఆంధ్రా మెస్ కూడా అంతే. ఒంటిగంటకు విస్తరి కోసం వరుసలో నిలబడటం విసుగే, కానీ ఆ వరుసే నాణ్యతకు పూచీ: గిన్నె ఇలా దిగుతోంది, అలా ఖాళీ అవుతోంది. రద్దీ తగ్గాక తీరిగ్గా తిందామని మూడింటికి వెళ్లేవారు సుఖాన్ని ఎంచుకుని వేడిని వదులుకుంటున్నారు.

కర్రీ పాయింటుకు ఈ వ్యాసంలో ప్రత్యేకంగా చోటివ్వాలి. తెలుగువారు ఎక్కడికి వెళితే అక్కడికి తోడొచ్చే ఈ చిన్న దుకాణం, పేగుల కోణంలో చూస్తే పెద్ద రెస్టారెంట్ల కంటే చాలా నయం. గదిలో కుక్కర్ పెట్టుకోగలిగితే అన్నం తాజాగా ఉంటుంది, కూరలు మాత్రం తెచ్చుకుంటే చాలు. పాలకూర పప్పు, దొండకాయ వేపుడు, బీరకాయ, చిక్కుడు, ఆనపకాయ పులుసు లాంటి కూరలు రెస్టారెంటు మెనూల్లో వెతికినా కనబడవు. రెండు జాగ్రత్తలు చాలు. సాయంత్రం కూరలు ఎన్నింటికి దించుతారో అడిగి ఆ వేళకు వెళ్లడం ఒకటి. సలసల కాగే సాంబారును పలచటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకుండా స్టీలు క్యారేజీ పట్టుకెళ్లడం రెండోది. కవరు మూతికి దారం చుట్టి ముడివేసే ఆ నేర్పు చూడముచ్చటగా ఉంటుంది, కాదనలేం. అయినా క్యారేజీ మేలు.

వేడి ఎక్కడున్నా పచ్చిగా కలిసే వస్తువులు వేరే దారిలో వస్తాయి. ఇడ్లీ ఆవిరిలో ఉడికింది, దాని మీద పోసిన కొబ్బరి చట్నీ ఉడకలేదు. అందులో కలిపిన నీళ్లు ఏ ట్యాంకరువో తెలియదు. 2024 వేసవిలో బెంగళూరు బోర్లు ఎండి ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది. ఆ ఏప్రిల్‌లోనే నగరంలో కలరా కేసులు బయటపడి, వేడి నీళ్లు ఇవ్వాలని హోటళ్లకు, హాస్టళ్లకు సూచనలు వెళ్లాయి. చట్నీ గట్టిగా, చల్లగా, తాజా పోపుతో ఉంటే తినవచ్చు. మధ్యాహ్నం దాటాక పలచబడి, పుల్లటి వాసన వేస్తుంటే వదిలేసి సాంబారుతో సరిపెట్టుకోవాలి. పళ్లరసంలో ఐసు, తరిగి పెట్టిన పుచ్చకాయ, ఉల్లి–కీరా ముక్కల ప్లేటు, పానీపూరీ నీళ్లు, ఇవన్నీ ఈ కోవలోవే. వీటిని మానుకోలేనివారు కనీసం టైఫాయిడ్ టీకా గురించి వైద్యుణ్ని అడగడం తెలివైన పని. హైదరాబాదులో తయారైన టైఫాయిడ్ కాంజుగేట్ టీకాకు 2017 చివరలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదముద్ర లభించింది. ఒక్క మోతాదు చాలు. పిల్లల టీకా అనుకుని పెద్దలు దాని జోలికే వెళ్లరు. ఆ తర్వాత జ్వరం వచ్చినప్పుడల్లా విడాల్ పరీక్ష చేయించుకుని టైఫాయిడ్ అని తేల్చేసుకుంటారు. ఆ పరీక్ష తరచూ దారి తప్పిస్తుంది, నమ్మదగింది రక్తం కల్చర్, అంటే రక్తంలోని సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష.

ఇంతవరకు చెప్పుకున్నది తిండిలో చేరకూడనివి చేరడం గురించి. జనానికి భయం వేసేదీ, పత్రికలకెక్కేదీ అదే. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది, 2025 ఫిబ్రవరిలో ఇడ్లీ పాత్రల్లో ప్లాస్టిక్ షీట్లు పరచడాన్ని నిషేధించింది. రెండూ మంచి పనులే. అయితే రోజూ బయట తినేవారి పేగులకు నెమ్మదిగా, మౌనంగా జరిగే నష్టం తిండిలో ఉన్నదానివల్ల కంటే లేనిదానివల్లే ఎక్కువ. ఆ లేనిది పీచు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవారికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి సుమారు 400 గ్రాములు, పళ్లు 100 గ్రాములు కావాలి. భారతీయ వైద్య పరిశోధన మండలి లెక్కలో పీచు రోజుకు 30 గ్రాములు. ఇప్పుడు మెస్ విస్తరి చూడండి. మధ్యలో తెల్లటి అన్నం గుట్ట, మీద కందిపొడి, నెయ్యి, పక్కన పప్పు, ఆవకాయ, అప్పడం, సాంబారు, రసం, ఓ మూల చెంచాడు క్యాబేజీ వేపుడు. కన్ను నిండుతుంది, కడుపు నిండుతుంది. కూరగాయ మాత్రం గుప్పెడు దాటదు. పాలిష్ పట్టిన సన్నబియ్యపు అన్నం ఎంత తిన్నా వచ్చే పీచు నాలుగైదు గ్రాములు, పప్పు నుంచి ఇంకో మూడు నాలుగు. అంతా కలిపి పది దాటడం కష్టం. రాత్రి బిర్యానీకి, పొద్దున పూరీకి ఆ మాత్రమూ ఉండదు.

పీచు మనకు అరగదు, అందుకే అది విలువైనది. చిన్నపేగు దాటి పెద్దపేగు చేరాక అక్కడి లక్షల కోట్ల సూక్ష్మజీవులకు అదే భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపొరలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. పీచు రాకపోతే ఆ జీవుల్లో కొన్ని, పేగు గోడను కాపాడే జిగురు పొరనే నంజుకోవడం మొదలుపెడతాయని ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో తేలింది. అద్దెకున్నవారికి అన్నం పెట్టకపోతే తలుపులు పీకి వంట చేసుకున్నట్టన్నమాట.

బయట తింటూ ఈ లోటు పూడ్చడం అనుకున్నంత కష్టమేమీ కాదు, కాకపోతే కన్నడ బోర్డులు కొంచెం చదవాలి. రాయలసీమ నుంచి వచ్చినవారికి రాగి సంగటి పరాయిది కాదు, ఇక్కడ దాని పేరు ముద్దె. పాత బెంగళూరు మిలిటరీ హోటళ్లలో (మాంసాహారం వడ్డించేవాటిలో), హైవే పక్క దాబాల్లో ముద్దె, సొప్పు సారు దొరుకుతాయి. సొప్పు అంటే ఆకుకూర, సారు అంటే పులుసు. వంద గ్రాముల రాగుల్లో పీచు సుమారు 11 గ్రాములు, తెల్లబియ్యంలో మూడు గ్రాముల లోపే. అవరెకాళు, అంటే అనపగింజల కాలం డిసెంబరు, జనవరి నెలల్లో వస్తుంది. అప్పుడు హోటళ్లన్నీ వాటితోనే ఘుమఘుమలాడతాయి. సాయంత్రం బజ్జీ బదులు బండి మీద ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న, లేదా ఒక జామకాయ తీసుకోవచ్చు. ఓ మోస్తరు జామకాయలో పీచు ఐదు గ్రాములకు పైనే. అయితే కాయను కళ్ల ముందు కోయించుకోవాలి. ఒక హెచ్చరిక కూడా ఉంది. ఏళ్ల తరబడి పీచు లేని పేగులకు ఒక్కసారిగా ముప్పై గ్రాములు పంపిస్తే గ్యాస్‌తో తిరగబడతాయి. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, నీళ్లు కూడా పెంచాలి.

పులిసిన తిండి విషయంలో తెలుగువారికి, కన్నడిగులకు గర్వం ఎక్కువ, అందులో సగమే న్యాయం. ఇడ్లీ పిండి పులియడంలో ల్యూకోనోస్టాక్ వంటి లాక్టిక్ సూక్ష్మజీవులు చేసే పని నిజంగా గొప్పది. పిండి తేలికవుతుంది, మినుముల్లోని గ్యాస్ పుట్టించే చక్కెరలు తగ్గుతాయి. కానీ ఇడ్లీ ఆవిరిలో ఉడికాక ఆ జీవులేవీ బతికుండవు. ఇడ్లీ తేలిగ్గా అరిగే మంచి తిండి, అంతవరకే. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలపు రాత్రుల్లో పిండి సరిగా పులియదు. ఆ కొరతను వంటసోడాతో నెట్టుకొచ్చే చోట్లూ ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బియ్యం కరవు వచ్చినప్పుడు బెంగళూరు హోటల్ ఎంటీఆర్ వారు రూపొందించినట్టు చెప్పుకునే రవ్వ ఇడ్లీకి అసలు రాత్రంతా పులియబెట్టే పనే లేదు.

బతికున్న సూక్ష్మజీవులు కావాలంటే పెరుగే దిక్కు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో 36 మంది మీద జరిపిన అధ్యయనంలో, పెరుగు, కెఫిర్ (పులిసిన పాల పానీయం), కిమ్చీ (కొరియా వారి పులిసిన కూరగాయలు) వంటి పులిసిన పదార్థాలు పది వారాలు బాగా తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే గుర్తులు తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా దారి చూపుతోంది. మరి మెస్‌లో పెరుగన్నం దాకా వచ్చేసరికి చాలామంది చెయ్యి కడుక్కుని లేస్తారు. గ్లాసెడు మజ్జిగ ఉచితంగా పోస్తానన్నా వద్దంటారు, సాయంత్రం మాత్రం మందుల దుకాణంలో ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల) గొట్టం మాత్రలు కొంటారు. పాలు పడనివారికి కూడా పెరుగు చాలావరకు పడుతుంది, పాలచక్కెరలో కొంత భాగాన్ని ఆ జీవులే తినేసి ఉంటాయి కాబట్టి.

కారం మీద మోపిన నేరాన్ని కూడా ఇక్కడే కొంత కొట్టేయాలి. గుంటూరు కారం తింటే అల్సర్ వస్తుందన్న నమ్మకం గట్టిది. జీర్ణాశయపు పుండ్లకు ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ రుజువు చేసి 2005లో నోబెల్ అందుకున్నారు. రెండో కారణం ఒంటినొప్పులకు వేసుకునే మాత్రలు. మిరపకాయ మంట పుట్టిస్తుంది, పేగులు సున్నితంగా ఉన్నవారిని పరుగెత్తిస్తుంది, అంతేగానీ పుండు చేయదు. కారం పక్కన నిలబడి తప్పించుకు తిరిగే దోషి నూనె. కొవ్వు ఎక్కువున్న భోజనం జీర్ణాశయంలో గంటల తరబడి నిలిచిపోతుంది. ఇక మరిగిన నూనెనే మళ్లీ మరిగించడం సరేసరి. నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే పారబోయాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. బాణలి పక్కన మీటరు పట్టుకుని నిలబడేవారెవరూ ఉండరు గనక, నల్లబడి నురగ కడుతున్న నూనెను చూసి వెనుదిరగడమే వినియోగదారుడి చేతిలో ఉన్న తనిఖీ.

అర్ధరాత్రి భోజనం సంగతి ఇక్కడికి అతుకుతుంది. పదకొండుకు బిర్యానీ తిని పదకొండున్నరకు నడుం వాలిస్తే, నిండుగా ఉన్న జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎదురు ప్రయాణం కడుతుంది. కూర్చునో నిలబడో ఉంటే బరువు కిందికి లాగుతుంది, పడుకుంటే ఆ సాయం ఉండదు. తిన్నాక మూడు గంటలైనా పడుకోకూడదని వైద్యులు చెప్పేది అందుకే. షిఫ్టుల్లో పనిచేసేవారికి అది సాధ్యం కాదు. వారు పెద్ద భోజనాన్ని సాయంత్రం ఆరేడు గంటలకు ఆఫీసులోనే ముగించి, గదికి వచ్చాక పెరుగన్నమో పండో తింటే సగం సమస్య తీరుతుంది.

చాలామంది ఎంచుకున్న దారి వేరు: పరగడుపున ఒక పాంటాప్రజోల్ మాత్ర. నెలలు, ఏళ్లు. ‘గ్యాస్ మాత్ర’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు గానీ అది గ్యాస్‌ను తగ్గించదు, ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆ ఆమ్లం దండగకు లేదు. తిండితో వచ్చే సూక్ష్మజీవుల్ని గుమ్మంలోనే చంపే కాపలావాడు అదే. పొద్దున ఆ కాపలావాడికి నిద్రమాత్ర వేసి, సాయంత్రం పానీపూరీ బండి దగ్గరకు వెళ్లడం ఎలాంటి పనో ఆలోచించండి. ఈ మందులు వాడేవారికి సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి పేగు ఇన్‌ఫెక్షన్లు సోకే అవకాశం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. వైద్యుడు కారణం చూసి రాసిన మందును మానమని చెప్పడం లేదు. మందుల దుకాణం కుర్రాడు రాసిన దాని గురించే ఈ మాట. పైగా ‘గ్యాస్’ అనుకున్న ఛాతీనొప్పి ఎడమచేతికో దవడకో పాకుతుంటే, చెమటలు పడుతుంటే అది గుండె సంగతి. అప్పుడు మాత్ర మింగి పడుకోకూడదు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

తీరిక సంగతి చాలామందికి తెలియదు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి చిన్నపేగులో ఒక అల లేచి, మిగిలిన తునకల్నీ సూక్ష్మజీవుల్నీ పెద్దపేగు వైపు ఊడ్చేస్తుంది. ఏదైనా తింటే ఆ ఊడ్పు ఆగిపోతుంది. పదింటికి టీ బిస్కట్, పదకొండున్నరకు పఫ్, నాలుగింటికి సమోసా, ఆరింటికి మళ్లీ టీ: చీపురు పట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పులతో లోపలికొస్తున్నట్టే. ఇక పొద్దున పెద్దపేగు కదలిక ఉపాహారం, కాఫీ తర్వాత సహజంగా ఊపందుకుంటుంది. ముగ్గురికి ఒకే బాత్‌రూమ్ ఉన్న పీజీలో, తొమ్మిదికి కదిలే ఆఫీసు బస్సు ముందు ఆ పిలుపుకు జవాబివ్వడం కుదరదు. రోజూ అలా అణచిపెడితే కొన్నాళ్లకు పిలుపే మందగిస్తుంది. బెంగళూరు మలబద్ధకంలో ట్రాఫిక్ వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు. అరగంట ముందు లేవడం ఇక్కడ ఏ చూర్ణం కంటే బాగా పనిచేస్తుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఏదో ఒక రోజు విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు కావలసింది ఓఆర్ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీటినీ లవణాలనూ తిరిగి నింపే పొడి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన 20.5 గ్రాముల ప్యాకెట్టును లీటరు నీళ్లలో మొత్తంగా కలపాలి. గ్లాసులో కొంచెం వేసుకుని తాగితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. రంగురంగుల డబ్బాల్లో ఆ పేరుతో అమ్మిన తీపి పానీయాలు ఓఆర్ఎస్ కావు. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టువిడవకుండా పోరాడిన మీదట, ఆ పేరు వాటి మీద వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. నాలుగు విరేచనాలు కాగానే ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర వేసుకోవడం కూడా పీజీల్లో ఆచారమైపోయింది. చాలా విరేచనాలు మందు లేకుండానే రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. యాంటీబయాటిక్ మాత్రం పేగుల్లోని మేలు చేసే జీవుల్నీ కలిపి తుడిచేస్తుంది. మలంలో రక్తం, తగ్గని జ్వరం, మూత్రం సరిగా రాకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే కడుపునొప్పి ఉంటే మాత్రం వైద్యుడి దగ్గరకు వెళ్లాలి, అలవాటైన మాత్రల దగ్గరకు కాదు.

వారంలో కష్టమైన పూట ఆదివారం రాత్రి. చాలా పీజీల్లో ఆ పూట వంట ఉండదు, మధ్యాహ్నం కోడికూరతో సరి. ఫోన్లన్నీ బిర్యానీ వైపు తిరుగుతాయి. ఎనిమిదిలోపు దగ్గరలోని దర్శినికి నడిచి వెళితే అక్కిరొట్టెయో (బియ్యప్పిండి రొట్టె) సెట్ దోశో పెనం మీంచి నేరుగా దొరుకుతుంది. తిరిగొస్తూ ఒక అర లీటరు నందిని పాలప్యాకెట్టు తెచ్చుకుని, గీజరు వేడినీళ్ల మగ్గులో పది నిమిషాలు ఉంచితే గోరువెచ్చనవుతుంది. స్టీలు డబ్బాలో పోసి, మధ్యాహ్నం మెస్‌లో అడిగి తెచ్చుకున్న చెంచాడు పెరుగు తోడు వేసి, మూత పెట్టి తువ్వాలు చుట్టి మంచం కింద పెడితే తెల్లారేసరికి పెరుగవుతుంది. డిసెంబరులోనైతే ఇంకో రెండు గంటలు ఎక్కువ పడుతుంది. కాచిన పాలంత గట్టిగా తోడుకోదు, కొంచెం పలచగానే ఉంటుంది.